అమ్మవారి పడవలో నూకరత్నం

1996. రాష్ట్రంలో మద్యనిషేధం నడుస్తున్న రోజులు. నేను గోదావరి లంకల్లో ఏఎన్ఎంగా పనిచేసేదాన్ని. అంటే ఊళ్ళు తిరిగి గర్భిణులనూ పసిపిల్లలనూ చూసుకునే నర్సునన్నమాట. నేను తిరిగే ఊళ్ళలో పాతరేవు ఒకటి. గౌతమి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న మత్స్యకారుల పల్లె. ఒకప్పుడు అక్కడ పెద్ద పెద్ద ఓడలు ఆగేవట. తెల్లదొరల కాలంనాటి గిడ్డంగి గోడ ఒకటి మిగిలి ఉండేది. దానిమీద వలలు ఆరేసుకునేవారు. ఊరికి రోడ్డు లేదు. ఎక్కడికి వెళ్ళాలన్నా పడవే.

ఆ రోజు గంగమ్మ జాతర. చూడాలన్న సరదా నాకూ ఉంది కానీ, నేను వెళ్ళింది మాత్రం నెలలు నిండిన నూకరత్నం కోసం. వెళ్ళేసరికే ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. పొట్టమీద చెయ్యి వేసి చూస్తే బిడ్డ తల కిందా లేదు, పైనా లేదు. ఓ పక్కన తగిలింది. దీన్ని మేం ట్రాన్స్‌వర్స్ లై అంటాం. బిడ్డ అడ్డంగా ఉండిపోవడం. ఇది ఇంట్లో అయ్యే కాన్పు కాదు. సిజేరియన్ చెయ్యాలి. ఆలస్యమైతే గర్భసంచి చిట్లిపోయి తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కకపోవచ్చు. వెంటనే యానాం ఆస్పత్రికి తీసుకెళ్ళాలని చెప్పాను.

"ఈవేళ పడవ దిగదండి" అంది నూకరత్నం అత్త పోలమ్మ.

జాతర రోజు ముందు అమ్మవారి పడవ నీళ్ళలో దిగాలి. అది దిగేది పొద్దువాలాక. అప్పటిదాకా ఊళ్ళో ఏ పడవా కదలకూడదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మనిషి పోయేలా ఉంటే ఆచారమేంటండీ?" అన్నాను.

నూకరత్నం మొగుడు వీరబాబు, ఎవరేమన్నా సరే పడవ తోసేస్తానని లేచాడు. అతన్ని ఆపింది ఎవరో కాదు, నూకరత్నమే.

"వద్దు. నా మూలంగా పడవ దిగితే, రేపు చేపల ఏటలో ఎవరికేం జరిగినా నా బిడ్డనే అంటారు. అది పెరిగినన్నాళ్ళూ అంటారు. నేనిక్కడే కంటాను."

అంత నొప్పిలో అంత దూరం ఆలోచించిన పిల్లని ఏమని తిట్టను? కొంగు బిగించి, దెబ్బలాటకే సిద్ధపడి, కులపెద్ద ధర్మారావుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన గుడి ముందు గరగలకు, అంటే అమ్మవారి పేరున ఊరేగించే కుండలకు, పసుపు పూయిస్తున్నారు. నేను చెప్పిందంతా విన్నారు. తర్వాత డప్పులవాళ్ళ వైపు తిరిగారు.

"లేవండ్రా. అమ్మవారిని ఇప్పుడే దింపేత్తాం."

"పొద్దువాలాక కదండీ?" అన్నారెవరో.

"ముందు దిగేది అమ్మవారి పడవే కదా. ఆ పిల్లని కూడా అందులోనే ఎక్కించండి."

దెబ్బలాడటానికి వెళ్ళినదాన్ని, నూకరత్నాన్ని తీసుకురావడానికి పరిగెత్తాను.

మామిడాకులు, అరటి బోదెలు కట్టిన ఇంజను పడవ. ముందు గరగ, మధ్యలో చాపమీద నూకరత్నం, పక్కన నేను, పోలమ్మ, వీరబాబు, వెనక డప్పులు, చుక్కాని దగ్గర ధర్మారావుగారు. యానాం దారి ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. యానాం పాండిచ్చేరి కిందిది, అక్కడ మందు దొరుకుతుంది కాబట్టి నిషేధం వచ్చాక మగవాళ్ళకు ఆ దారి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఇంత దర్జాగా వెళ్ళడం మాత్రం అదే మొదటిసారి అయ్యుంటుంది.

కొంత దూరం పోయాక ఫీటోస్కోపు తీశాను. బిడ్డ గుండె చప్పుడు వినడానికి పొట్టమీద ఆనించే చిన్న గొట్టం అది. డప్పుల మోతలో ఏమీ వినపడలేదు.

"కాస్త ఆపండి బాబూ" అన్నాను.

"అమ్మవారు తిరిగి గుడికి చేరేదాకా ఆపకూడదండి" అన్నాడు డప్పులవాళ్ళలో ఒకడు.

నూకరత్నం నా చెయ్యి పట్టుకుంది. "కొట్టనివ్వండి నర్సమ్మగారూ. అవి ఆగితే నాకు భయమేత్తందండి."

ఇక చేసేదేముంది? గొట్టం సంచిలో పెట్టేసి, దారంతా ఆమె పొట్టమీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాను. ఒకసారి బిడ్డ కదిలింది. తర్వాత ఎంతసేపటికీ కదల్లేదు. ధర్మారావుగారు చుక్కాని పట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నారు. ఆయన మొహంలో ఏ బెదురూ కనపడలేదు. ఏం మనిషిరా బాబూ అనుకున్నాను.

యానాం రేవులో నూకరత్నాన్ని మంచంమీద మోసుకెళ్ళాం. ధర్మారావుగారూ మా వెనకే వచ్చారు. డప్పులవాళ్ళు అమ్మవారితో పడవలోనే ఉండిపోయారు. డాక్టరమ్మ పొట్టమీద గొట్టం ఆనించి విని, "గుండె కొట్టుకుంటోంది, పదండి" అని లోపలికి తీసుకెళ్ళారు.

తలుపు తెరుచుకునేసరికి ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. వీరబాబు నవ్వుతూ ఏడుస్తూ పోలమ్మను పట్టుకున్నాడు. నాకైతే ఒక్కసారిగా ఆకలి గుర్తొచ్చింది. పొద్దున్నించీ ఏమీ తినలేదు.

కబురు విన్న ధర్మారావుగారు వరండాలో స్తంభం పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నారు. కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"పొద్దువాలకుండా అమ్మవారిని కదిపేశానండి. మా తాతల కాడ్నించీ ఎవరూ చెయ్యలేదు. తప్పయితే నా మీద పెట్టు తల్లీ, ఆ పిల్ల జోలికి మాత్రం పోకు అని దారంతా మొక్కుకుంటూనే వచ్చానండి."

నేను ఆయన పక్కనే కింద కూర్చున్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు సర్వీసు చేశాను. ఆచారాలు కాస్త పక్కన పెట్టండని చాలా ఊళ్ళలో చెప్పాను. నాకది ఉద్యోగంలో చెప్పే మాట. ఆ మాట విన్నాక ఏం ముంచుకొస్తుందోనన్న భయం మాత్రం ఆ ఊళ్ళోవాళ్ళదే. పాతరేవులో ఒక మనిషి ఆ భయమంతా తన మీద వేసుకుని, చుక్కాని వదలకుండా మమ్మల్ని ఒడ్డుకు చేర్చాడు.