చెల్లె ఊరికి బాయిలర్ మోసుకపోయిన

చెల్లె కాలు కాలిందన్న కబురు చలికాలం మొదట్ల వచ్చింది. ఆత్మకూర్ దిక్కు గొర్లు కొననీకి పోయిన మా ఊరాయన ఒకరు అక్కడి దవాఖాన ముంగట దాన్ని చూసిండట. నేను నల్లగొండల ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌ను. ఆయన తిరిగొచ్చినంక హాస్టల్ గేటు కాడ నిలబడి చెప్పి పోయిండు. తెల్లారగట్ల దాని మామ తానానికి నీళ్లు కాగబెట్టి, కాగును రెండు చేతులతోటి ఎత్తుకొని వాకిలి దాటుతాంటే మసిగుడ్డ జారిందట. మసిలే నీళ్లు మోకాలి కాడికెల్లి పాదం దాకా పడ్డయి.

అప్పుడే ఒకసారి ఉరికిపోయి చూసి వచ్చిన. మా యాదమ్మ మంచంల పడి ఉన్నది. వాకిట్ల మూడు రాళ్ల పొయ్యి మీద అదే కాగు మసులుతాంది. దాన్ని ఇప్పుడు ఎత్తేది యాదమ్మ అత్త, ముసలామె. ఒక మనిషి కాలు కాలినంక గూడ ఆ ఇంట్ల మారింది ఒక్కటే, కాగు మోసే చేతులు. నా కోపం అక్కడ మొదలయింది. నల్లగొండకు తిరిగొచ్చినంక గూడ అది దిగలే. దానితోటే రెండో ప్రయాణం కట్టిన.

మా హాస్టల్ల నీళ్లు కాగేది బాయిలర్ల. పొడుగాటి రేకు పీపా, దాని నడుమ గొట్టం. గొట్టంల నిప్పు పెడితే చుట్టున్న నీళ్లు కాగుతయి. కింద నల్లా తిప్పితే బకెట్ల పడతయి. మూడు రాళ్ల నడుమ పెట్టిన మంట సగం గాలికే పోతది. దీంట్ల మంట నీళ్ల కడుపులనే ఉంటది. నాలుగు పుల్లలు, గింజలు ఒలిచిన మక్కబెండ్లు ఇన్ని ఉంటే చాలు. ఎవరూ ఏదీ ఎత్తే పని లేదు.

నల్లగొండ పక్కన పానగల్ల రేకు పని చేసే ఖాజా భాయితోటి ఒక ఇంటికి సరిపోయేటంత బాయిలర్ చేయించిన. తీసుకపోయే నాడు ఆయన భార్య గౌసియా బేగం దాంట్ల నీళ్లు నింపి, అతుకులకు మాట్లు వేసిన జాగాలల్ల కారుతుందా అని వేలుతోటి తడిమి చూసింది. నీళ్లు నింపకుంట నిప్పు పెట్టొద్దని, పెడితే మాట్లు కరిగి ఊడుతయని నాకు రెండుసార్లు చెప్పింది. మీలో ఎవరన్న గిట్ల తీసుకపోయేటోళ్లుంటే మీరు గూడ యాదుంచుకోండ్రి. మా దిక్కు నీళ్లకు లోపల సున్నం పేరుకుంటది గనుక అప్పుడప్పుడు చింతపండు పులుసు పోసి కడగాలె.

నల్లగొండ బస్టాండ్ల పొద్దుగాల ఆరింటికి దేవరకొండ బస్సు ఎక్కిన. బాయిలర్‌కు పాత దుప్పటి చుట్టి తాడు కట్టిన. కండక్టర్ దాన్ని టాపు మీద వేయమన్నడు. వేస్తే గొట్టం వంగుతదని చెప్పిన. అయితే దిగమన్నడు. దిగనని చెప్పిన. కోళ్ల గంప, ఎరువు బస్తా, ఎవరిదో సైకిల్ చక్రం, అన్నీ లోపలనే ఉన్నయి. నా బాయిలర్ ఒక్కటే ఆయన కంటికి అడ్డమొచ్చింది. ఆఖరికి లగేజీ టికెట్ కొట్టి, వెనుక సీటు పక్కన పెట్టుకోనిచ్చిండు.

నా పక్కకు కూసున్న తలపాగ పెద్దమనిషి దుప్పటి లేపి చూసిండు. ఎక్కడికి, ఎందుకు అని అంతా అడిగి, "ఆత్మకూర్ దిక్కు కట్టెలు లేవా బిడ్డా?" అన్నడు.

"కట్టెలున్నయి తాతా. కాగు మోసే నా చెల్లెకు కాలే సక్కగ లేదు" అన్న. ఆయన దుప్పటి మళ్ల సక్కగ కప్పిండు.

దేవరకొండ దగ్గరికొస్తాంటే కట్టెల మోపులు ఎత్తుకున్న ఆడోళ్లు రోడ్డు అంచున వరుసగ ఎదురొచ్చిండ్రు. ఆ గుట్టల మీద చెట్లు ఎక్కడున్నయి? తంగేడు పొదలు, రేగు కంప, అంతే. వాటికోసమే పొద్దు పొడవకముందు పోయి, ముండ్లు గుచ్చుకోంగ కొట్టి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకొని మైళ్లు నడిచి రావాలె. ఆ మోపుల కొంత బువ్వకు పోతది, కొంత ఎవరి వీపుకో పోసే నీళ్లకు పోతది. మా డ్రైవర్ హారన్ కొడితే వాళ్లు కంపలకు జరిగిండ్రు. జరిగినంక గూడ ఆయన తిట్టుకుంటనే పోయిండు.

దేవరకొండల ఇడ్లీ తిని కల్వకుర్తి బస్సు పట్టుకున్న. కల్వకుర్తి బస్టాండ్ ఎదురుంగ హోటల్ల అన్నం, పప్పు, గోంగూర పచ్చడి పెట్టిండ్రు, మంచిగనే ఉన్నది. అక్కడి నుంచి జడ్చర్ల మీదుగ మహబూబ్‌నగర్ చేరేవరకు పొద్దుగూకింది. బస్టాండ్ దగ్గర లాడ్జికి పోయి రూము అడిగిన. గల్లా మీద కూసున్నాయన నా వెనుకకు తొంగి చూసి, "ఎంబడి మగోళ్లు ఎవరూ లేరా?" అన్నడు. లేరంటే రూములు లేవన్నడు. తాళంచెవులు ఆయన నెత్తి మీద మేకులకు వేలాడుతనే ఉన్నయి. చూపిస్తే అవి వేరేటోళ్లవి అన్నడు. రిక్షా మాట్లాడుకొని స్టేషన్‌కు పోయిన. ఒంటరిగ పోయే ఆడోళ్లకు నేను చెప్పేది ఒక్కటే, అక్కడ లాడ్జీల చుట్టు తిరగకుండ్రి. స్టేషన్ల ఆడోళ్ల వెయిటింగ్ రూం ఉన్నది, తలుపుకు గొళ్లెం ఉన్నది. బెంచీ మీద నేను, బెంచీ కింద బాయిలర్ పండుకున్నం.

పొద్దుగాల గద్వాల దిక్కు పోయే రైలు ఎక్కిన. అప్పటికి ఇంక చిన్న పట్టాల రైలే. తాపతాపకు ఆగుకుంట, నల్లరేగడి చేన్లు, వేరుశనగ కుప్పలు చూపించుకుంట పోతది. డబ్బాల జాగా మస్తున్నది, బాయిలర్‌ను ఎవరూ ఏమనలే. వనపర్తి రోడ్డు స్టేషన్ల దిగి, బస్సుల ఆత్మకూర్ చేరి, అక్కడి నుంచి కృష్ణ నది దిక్కు పోయే ఎడ్లబండి ఒకటి దొరికితే ఎక్కిన. మధ్యాహ్నం దాటినంక చెల్లె ఇంటి ముంగట దిగిన.

యాదమ్మ కుంటుకుంట ఎదురొచ్చింది. నన్ను చూసి నవ్వింది. దుప్పటి విప్పినంక ఆ నవ్వు పోయింది.

"ఎందుకు తెచ్చినవక్కా? మామ ఏమంటడో" అన్నది.

దాని కాలు మీద కొత్త తోలు ఇంక ఎర్రగనే ఉన్నది. వేళ్ల సందులల్ల పుండు పూర్తిగ మానలే. అయినా కాగు మళ్ల తనే మోస్తున్నదట. అంత దూరం మోసుకొస్తే ఇట్లంటదా అని దాని మీద గూడ కోపమొచ్చింది. తర్వాత అర్థమయింది. నేను రెండు రోజులుండి పోత. ఆ ఇంట్ల మాట పడేది అది.

సాయంత్రం మామ గొర్లు తోలుకొచ్చిండు. గొంగడి కప్పుకొని అరుగు మీద మోకాళ్లు పట్టుకొని కూసున్నడు. ఆయన గురించి ఉన్నదున్నట్టు చెప్పాలె. ఏండ్ల తరబడి చేన్లల్ల మంద కాడ చలికి పండి పండి ఆ మోకాళ్లు పట్టేసినయి. ఉడుకునీళ్లు పోసుకుంటే తప్ప పొద్దుగాల నిలబడలేడు. ఆ నొప్పి అబద్ధం కాదు. కాని ఒకరి మోకాళ్లకోసం ఇంకొకరి కాలు కాలాల్నా?

బాయిలర్ ఏందో, నిండ నీళ్లు లేకుంట నిప్పు పెట్టొద్దని గూడ, ఇంట్ల అందరూ వినేటట్టు విడమరచి చెప్పిన. ఆయన అంతా విన్నడు.

"మా ఇంట్ల నీళ్లు కాగబెట్టనీకి మీ పుట్టింటోళ్లు సామాను తేవాల్నా?" అన్నడు. "ఊరోళ్లు నన్నేమనుకుంటరు?"

చెల్లె మొగుడు, మా మరిది మల్లయ్య నేల చూపులు చూసిండు. మంచోడే, పెండ్లాన్ని ఒక్కనాడు కొట్టినోడు కాదు. కాని తండ్రి ముంగట ఆయన నోట్లకెల్లి మాట రాదు. దాన్ని గొర్ల దొడ్ల పెట్టుమన్నడు మామ. మల్లయ్యనే మోసుకపోయి పెట్టిండు.

తెల్లారి పొగకు లేచిన. యాదమ్మ పొయ్యి ముంగట కూసొని ఊదుతాంది. కాగు మసిలినంక మసిగుడ్డలు పట్టుకొని ఎత్తబోతాంటే నేను రెండో దిక్కు పట్టిన. తానాలు చేసే జాలారి దాకా ఇద్దరం మోసినం. మామ తానం చేసిండు, తర్వాత మల్లయ్య చేసిండు, కాగుల నీళ్లు ఒడిసినయి. అత్త గోలెంలకెల్లి చల్లనీళ్లు ముంచుకుంటాంది. మరి నీకు ఉడుకునీళ్లేవి అని అడిగిన.

"మిగిలితె గద బిడ్డా" అన్నది. "ఈ ఇంటికొచ్చిన కాడికెల్లి కాగబెడుతనే ఉన్న. నా పెయ్యి మీద ఉడుకునీళ్లు పడ్డది బాలెంత తానాలప్పుడే."

ఏడుస్తూ చెప్పలే. ఇయ్యాల మబ్బు పట్టిందన్నట్టు చెప్పింది. అందుకే నాకు ఒళ్లు మండింది. కట్టెలు కొట్టేది ఈమె, మోసేది ఈమె, ఊదేది ఈమె. ఆఖరికి గోలెంల చల్లనీళ్లు గూడ ఈమెకే.

దొడ్లకు పోయి బాయిలర్‌ను ఈడ్చుకొచ్చిన. వాకిట్ల నిలబెట్టి, గోలెంలకెల్లి నీళ్లు తెచ్చి నింపిన. గొట్టంల నాలుగు ఆముదపు కట్టెలు విరిచి వేసి, మక్కబెండ్లు వేసి అంటుపెట్టిన. మామ అరుగు దిగి వచ్చిండు, తీసేయమన్నడు.

"తియ్యను మామా" అన్న. "నీకు నొప్పి ఉన్నది, నాకు ఎరుకే. నీ కోడలుకు గూడ ఉన్నది. రేపటికెల్లి కాగు నేనే ఎత్తుత అను, ఇప్పుడే దీన్ని నల్లగొండకు తీసుకపోత."

గోడ మీదికెల్లి పక్కింటి ఆడోళ్లు చూస్తున్నరు. మామ తన భార్య దిక్కు తిరిగి, ఆ నిప్పు ఆర్పుమన్నడు.

అత్త లేచింది. చేతుల ఉన్న నీళ్ల చెంబు పట్టుకొని బాయిలర్ దగ్గరికొచ్చింది. ఆమె నిప్పు మీద పోయలే. మీది మూత తీసి, ఇంక కొంచెం వెలితి ఉంటే ఆ నీళ్లు అండ్ల పోసింది. "నిండ ఉండాలెనంట" అని చెప్పి అక్కడనే కూసున్నది. మామ కట్టె అందుకొని గొర్లను తోలుకొని పోయిండు. మల్లయ్య తండ్రి వెనుక పోబోయి ఆగిండు. ఇంకిన్ని బెండ్లు తెచ్చి గొట్టం పక్కన పోసి, అప్పుడు పోయిండు.

మొదటి బకెట్ అత్తకే పట్టిన. గోనెపట్టా తెర వెనుకకు పోయి ఆమె ఎంతసేపటికీ బయటికి రాలే. చెంబు చప్పుడు ఆగుతాంది, మళ్ల మొదలైతాంది. యాదమ్మ గోడకు ఆనుకొని నవ్వుడు మొదలుపెట్టింది, నవ్వుకుంటనే కండ్లు తుడుచుకున్నది. తెర వెనుకకెల్లి అత్త, ఇంకో బకెట్ నీళ్లు ఉన్నయా అని అడిగింది. ఉన్నయి. రెండో బకెట్ అయినంక యాదమ్మ తానం చేసింది. తర్వాత నేను చేసిన. ముగ్గురికీ సరిపోయినయి. కాగుకింద కాలినన్ని కట్టెలల్ల సగం గూడ కాలలే.

మాపటికి మామ వచ్చిండు. అరుగు మీద కూసొని, గాలిల చెప్పినట్టు నీళ్లు కావాలన్నడు. ఎప్పుడైనా ఆ మాట వినంగనే అత్త లేచేదట. ఆ రోజు పొయ్యి ముంగటికెల్లి కదలలే.

"నల్లా తిప్పుకో. బకెట్ ఆడనే ఉన్నది" అన్నది.

ఆయన గొంగడి తీసి పక్కన పెట్టిండు. తర్వాత లేచి, బాయిలర్ చుట్టు ఒకసారి తిరిగి, నల్లా తిప్పిండు. బకెట్ నిండినంక తనే మోసుకపోయిండు.

ఇది చదివి అంతా మంచిగైందని మీరు అనుకుంటరు. నేను అనుకోలే. ఆయనకు ఎప్పటి లెక్కనే ఉడుకునీళ్లు దొరికినయి. కోడలు కాలు ఎట్లున్నదని ఆ రెండు రోజులల్ల ఒక్కసారి అడగలే. నేను బండి ఎక్కేటప్పుడు మాత్రం, బాయిలర్ మాటు ఊడితే ఎవరు వేస్తరు అని అడిగిండు. ఆత్మకూర్ల రేకు పనోళ్లు ఉన్నరని చెప్పిన. యాదమ్మ బండి వెంబడి కొంత దూరం కుంటుకుంట వచ్చింది. నా చెయ్యి గట్టిగ పట్టుకొని విడిచిపెట్టింది.

వచ్చిన తొవ్వనే తిరుగు ప్రయాణం. చేతులు ఖాళీగున్నయి, కాని మనసు తేలిక కాలే. దారి పొడుగున ఏ ఊరు చూసినా పొద్దుగాల వాకిట్లల్లకెల్లి పొగ లేస్తాంది. ప్రతి పొగ కింద ఒకామె కూసొని ఊదుతాంటది. ఆఖరుకు ఆమే చల్లనీళ్లు పోసుకుంటది. ఒక రేకు పీపా చేయించే పని ఇన్నేండ్లు ఏ మగోనికీ యాదికి రాలేదంటే, అది తెలివి తక్కువై కాదు. వాళ్ల నీళ్లు వాళ్లకు కాగుతనే ఉన్నయి.

కల్వకుర్తి నుంచి దేవరకొండకు వచ్చే బస్సుల ముందు సీట్ల ఒక ఆలుమగలు కూసున్నరు. ఆయన వెనుకకు తిరిగి మాట కలిపి, ఎక్కడికెల్లి వస్తున్నవని అడిగితే ఉన్నదంతా చెప్పిన. ఆయన నవ్వి, గింతదానికి రెండు జిల్లాలు తిరిగినవా అన్నడు. ఆయన భార్య అప్పటిదాకా కిటికీలకెల్లి బయటికి చూస్తాంది. ఆముదపు కట్టె అండ్ల కాలుతదా అని నన్ను అడిగింది. మనకెందుకే గవన్నీ అన్నడాయన.

ఆమె మళ్ల అదే అడిగింది. కాలుతదని చెప్పిన. బస్సు ఊగుతాంటే కడ్డీ పట్టుకొని లేచి, ఆయన మోకాళ్లు దాటుకొని నా సీటు కాడికి వచ్చింది.

"జర జరుగక్కా" అన్నది. "మొదటికెల్లి చెప్పు."