పోయిందన్న ముల్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చేపల కూర వండిన పూట ఎవరూ మాట్లాడకూడదు. అది మా మేనత్త పెట్టిన కట్టడి. ప్రార్థన చేసుకుని ఆమెన్ అన్నాక, మళ్ళీ చేతులు కడుక్కునేదాకా నమిలే చప్పుడు తప్ప ఇంకేం వినపడకూడదు. మామయ్య పోయాక ఆమె పుట్టింటికి వచ్చేసి మాతోనే ఉండేది. సన్నటి మనిషి, గట్టి గొంతు. కంచం పక్కన ఒక్క మెతుకు పడినా మా చేత ఏరించి తినిపించేది. పిల్లలం మాకు ఆవిడంటే భయమే తప్ప, ఆ కట్టడి ఎందుకో ఎవరికీ తెలియదు. ఆవిడ చిరాకు మనిషి కాబట్టే అనుకునేవాళ్ళం.

మాది గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటికి దగ్గర ఊరు. ఒక ఆదివారం శీలావతి చేప వండారు. మేనత్త పెరట్లోకి వెళ్ళిన సమయం చూసి మా అక్క మూతి వంకరలు తిప్పి, ఆ రోజు పాస్టరుగారు పాడినట్టు పాడి చూపించింది. నేను నవ్వాపుకోలేక నోట్లోది అలాగే మింగేశాను. గొంతులో సూది గుచ్చినట్టయింది.

ఇల్లంతా గోల. మా అమ్మ గబగబా ఉత్తన్నం పిడికెడు ముద్ద చేసి, నమలకుండా మింగేయమంటూ నా నోటి దగ్గర పెట్టింది. మా వైపు ముల్లు ఇరుక్కుంటే ఎవరైనా చేసేది అదే. అన్నం ముద్దో, అరటిపండో మింగితే ముల్లుని తోసుకుంటూ పోతుందని నమ్మకం. సరిగ్గా అప్పుడే మేనత్త వచ్చి, అమ్మ చేతి మీద ఒక్కటి కొట్టింది. ముద్ద నేల మీద పడి చితికిపోయింది. మెతుకు మెతుకూ ఏరించే మనిషి ఆ అన్నం తొక్కుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

“ఒక్క ముద్ద మింగితే పోద్ది కదా వదినా!” అంది అమ్మ, ఏడుపు గొంతుతో.

“ఎక్కడికి పోద్దే? నువ్వు చూసొస్తావా లోపలికెళ్ళి?”

ముల్లు కంటే నాకు ఆవిడంటేనే ఎక్కువ భయం. పైగా ఏరు దాటి మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్తుందని అర్థమైంది. “పోయిందత్తా, పోయింది” అన్నాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పింది. “ఏదీ, ఉత్త ఉమ్ము మింగు” అంది. మింగాను. నోరు అబద్ధం చెప్పింది గానీ కళ్ళు చెప్పలేకపోయాయి, వాటంతట అవే గట్టిగా మూసుకుపోయాయి. “పోయిందంట!” అని నా చేతిలో తువ్వాలు పెట్టింది. ఇక మింగొద్దు, అందులోనే ఉమ్మమంది. నీళ్ళు కూడా ఇవ్వనివ్వలేదు.

పడవలో మా నాన్న, మేనత్త, మధ్యలో నేను. ఆసుపత్రిలో డాక్టరమ్మ నుదుటికి అద్దం కట్టుకుని, వంకర పట్టకారుతో ముల్లు తీసింది. అరిచాను, ఆవిడ చెయ్యి కొరికినంత పని చేశాను. బయటికొచ్చిన ముల్లు చూస్తే వెంట్రుకంత ఉంది. ఇంతదానికా ఇంత హడావుడి అనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు పడవలో మేనత్త తనంతట తానే చెప్పింది. మామయ్యకీ మాటల్లో పడి తింటుంటే ఇలాగే ఇరుక్కుందట. అందరూ తలో ముద్దా పెట్టారట, అరటిపండ్లు తినిపించారట. పోయింది అని నవ్వి ఆయన చేనికి వెళ్ళిపోయాడట. తర్వాత జ్వరం, మెడ వాపు. ఉమ్ము మింగడానికి కూడా కష్టం. ఆసుపత్రికి చేర్చేసరికి, ముల్లు అన్నం దిగే గొట్టాన్ని చీల్చేసిందనీ, చీము గుండెల దాకా దిగిందనీ చెప్పారు. ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు.

“అందరూ ప్రేమగానే పెట్టారే. ముద్దలన్నీ దిగాయి” అంది. ఆవిడ గొంతు అంత మెల్లగా నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత చేప వండిన రోజున నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా వేళ్ళు పట్టుకుని కలపడం నేర్పింది. ముద్ద చేసే ముందు బొటనవేలితో ప్రతి ముక్కా నలిపి చూడాలి. ముల్లు వేలికి దొరకాలి.

నా చదువు నాలుగు అక్షరాలతో ఆగిపోయింది గానీ ఈ చదువు మాత్రం ఆగలేదు. ఇప్పుడు నేను అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్ళో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఈమధ్య ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి శీలావతి వండాను. దాన్ని ఇక్కడి షాపులో రోహు అంటారు. మనవడికి ఎనిమిదేళ్ళు. చెంచాతో తింటాడు, కళ్ళు టాబ్లెట్ మీద ఉంటాయి. చెంచాకి ముల్లేం తెలుస్తుంది? ముళ్ళు తీసి ఇస్తానంటే, “ఐ కెన్ డూ ఇట్ నానమ్మా” అని కంచం లాక్కున్నాడు. కాసేపటికి గొంతు పట్టుకున్నాడు.

“నానమ్మా, ఇక్కడ సమ్‌థింగ్ గుచ్చుతుంది.”

కోడలు పరిగెత్తుకెళ్ళి అరటిపండు తెచ్చింది. ఒలుస్తుండగానే లాక్కుని చెత్తబుట్టలో వేశాను. జిప్‌లాక్ కవర్లు కడిగి ఆరబెట్టి మళ్ళీ వాడే మనిషిని నేను. ఆ పిల్ల బిత్తరపోయి చూసింది.

“మా మమ్మీ కూడా ఇదే చేస్తుంది అత్తయ్యా!”

“మీ మమ్మీతో నేను మాట్లాడతాలే. వాడికి ఏం పెట్టకు.”

ఈలోపు వాడు “ఇట్స్ గాన్, ఐయామ్ ఓకే” అని మళ్ళీ టాబ్లెట్ అందుకున్నాడు. మా అబ్బాయి ఊపిరి పీల్చుకున్నాడు. “పోయిందంటున్నాడు కదమ్మా. సండే పూట ఎమర్జెన్సీకి వెళ్తే ఊరికే బిల్లు. రేపు వీడి డాక్టర్‌కి చూపిద్దాం.”

నేను మనవడి గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పాను. ఉమ్ము మింగమన్నాను. వాడి కళ్ళు గట్టిగా మూసుకున్నాయి.

“కారు తియ్యి” అన్నాను.

“అమ్మా, ఒక్క...”

“నువ్వు తీయకపోతే పక్కింటివాళ్ళ తలుపు కొడతాను. నాకు ఇంగ్లీషు రాకపోయినా గొంతు చూపించడం వచ్చు.”

ఆసుపత్రిలో సన్నటి కెమెరా లోపలికి పోనిచ్చి చూశారు. ముల్లు గొంతు గోడలో నిలువుగా దిగబడి ఉంది. తీసేశారు. ఏమైనా తినిపించారా అని డాక్టరు అడిగాడట. లేదు అని మా అబ్బాయి చెప్పి, నా వైపు చూశాడు.

మొన్న మళ్ళీ చేప తెచ్చాను. వద్దని కోడలు అంటుందేమో అనుకున్నాను గానీ అనలేదు. మనవడి చెంచా తీసి సింకులో వేశాను. వాడి చెయ్యి పట్టుకుని, మా మేనత్త నా వేళ్ళు నొక్కినట్టే నొక్కి, కలపడం నేర్పాను. వేళ్ళకి కూర అంటిందని కాసేపు మొహం ముడుచుకున్నాడు. కాసేపయ్యాక ఆగి, బొటనవేలూ చూపుడువేలూ పైకెత్తాడు. వాటి మధ్య వెంట్రుకంత ముల్లు. నోరు తెరవబోయి, నా మొహం చూసి, దాన్ని కంచం అంచున పెట్టి మళ్ళీ కలుపుకున్నాడు.

ఇప్పుడు ఈ ఇంట్లోనూ చేపల కూర పూట ఎవరూ మాట్లాడరు. టాబ్లెట్ కూడా మాట్లాడదు.