ట్యాంకుకు పెట్టిన పాత తొక్కు

సూర్యాపేటలో చెత్త వేయడానికి జాగా లేదంటే బయటివాళ్లు నవ్వుతారు. చుట్టూ ఇంత నేల ఉంది కదా అంటారు. ఉంది, కాదనను. ఒకవైపు హైవే, ఒకవైపు చెరువు నీళ్లు నిలిచే శిఖం నేల, మిగతాదంతా రంగు రాళ్లు పాతిన వెంచర్లు. ఖాళీగా కనిపించే ప్రతి గజానికీ ఓ ఓనరు, ఆ ఓనరు వెనక ఓ లీడరు. చెత్త మాత్రం రోజూ పుడుతుంది. దానికి సెలవులేముంటాయి!

డంపింగ్ యార్డు గోడ పక్కన మునిసిపాలిటీదే ఒక ముక్క మిగిలి ఉండేది. అందులో ఒకామె తోటకూర, పాలకూర, పుంటికూర పెంచేది. మా వీధిలో గంపతో తిరిగి అమ్మేది. నాకు చుట్టమేమీ కాదు. అయినా నేను పెద్దమ్మా అనేదాన్ని, ఆమె బిడ్డా అనేది. భర్త పోయాక ముళ్లకంప కొట్టి, రాళ్లేరి ఆ నేలను తనే సాగులోకి తెచ్చుకుంది. పట్టా లేదు, గిట్టా లేదు. యార్డు నిండిపోయేసరికి ఆఫీసు వాళ్ల కన్ను ఆ ముక్క మీద పడింది.

అప్పట్లో నేను తడి చెత్తతో గ్యాస్ చేసి, దాంతో కరెంటు తీసే పరిశోధనలో ఉన్నాను. కాలేజీ ప్రాజెక్టు. మిర్యాలగూడలో రైస్ మిల్లులకు బాయిలర్లు చేసే షెడ్డులోనే మా ట్యాంకు చేయించాం. "ఊకతోని మిల్లులే నడుస్తున్నయ్. కుళ్లిన టమాటలతోని బుగ్గ ఎలగదా మేడం?" అని అక్కడి మేస్త్రీ ధైర్యం చెప్పి పంపాడు. ట్యాంకును కూరగాయల మార్కెట్ వెనక దించాం. వాసన సంగతి అడక్కండి. మా ఇంట్లో నా బట్టలకు వేరే బకెట్ పెట్టారు. కానీ మార్కెట్ షెడ్డులో మొదటిసారి కరెంటు బుగ్గలు వెలిగినప్పుడు పెద్దమ్మ గంప దించి, ముక్కున వేలేసుకుని, "ఓయమ్మో, సెత్త గిట్ల గూడ ఎలుగుతదా బిడ్డా!" అంది. నా చదువుకు నాకు అంతకు మించిన మెప్పు ఎప్పుడూ దొరకలేదు.

మునిసిపాలిటీ ఆఫీసరు చూడడానికి వచ్చాడు. పెద్దమ్మ ఎదుటే చెప్పాడు. "ఎండాకాలం చివర్లో మళ్లీ వస్తాను. అప్పటికి ఇది నడుస్తూ ఉంటే తడి చెత్తంతా ఇట్లాంటి ట్యాంకులకే పంపుదాం, ఆమె మడి జోలికి రాను. ఆగిపోతే మాత్రం నన్ను ఏమీ అడగొద్దు."

ఎండలు ముదిరేసరికి మార్కెట్‌కు కూరగాయలు తగ్గాయి. ఇళ్లల్లోని గంజి, తొక్కలు ఎప్పటిలాగే కుడితిలో కలిసి బర్రెలకు పోతున్నాయి. బర్రెను కాదని ట్యాంకుకు ఎవరు పెడతారు? గ్యాస్ తగ్గింది. ఏటా లాగే ఆవకాయ పెట్టడానికి కోదాడలో అమ్మ దగ్గరికి బయలుదేరుతుంటే పెద్దమ్మ ఎదురైంది.

"ఏమైంది బిడ్డా, బుగ్గలు మసక మసక అయితున్నయ్?"

"దానికి తిండి సాలుతలేదు పెద్దమ్మా. కడుపు మాడుతున్నది" అన్నాను.

కోదాడలో అమ్మ, "ముందు పాతది పారబొయ్యవే, జాడీ కడిగి ఎండలో పెట్టు" అని కేకేసింది. నల్లబడిన పాత ఆవకాయను పెరట్లో గుంట తీసి పూడ్చాను. ప్రతి ఇంట్లోనూ జరిగే పనే అది. సూర్యాపేటలోనూ అవే రోజుల్లో జాడీలు ఖాళీ అవుతున్నాయని నాకు తట్టనే లేదు.

అక్కడ పెద్దమ్మ గంప పక్కన పెట్టి, బకెట్లు పట్టుకుని గల్లీ గల్లీ తిరిగింది. "ట్యాంకు పస్తులుంటున్నదమ్మా, ఏమన్న ఉంటె ఎయ్యుండ్రి." అందరి దగ్గరా ఉన్నది ఒకటే, పాత ఆవకాయ తొక్కు. ఉప్పూ కారం కదా, బర్రెకు పెట్టరు. తిండి వస్తువును మోరీలో పోయడానికి చేతులు రావు. పోనీ ఒక మంచి పనికి పనికొస్తుందని ఆడవాళ్లంతా సంతోషంగా వంచారు. ట్యాంకు దగ్గరి కాపలా అతను కూడా మనామె కదా అని తలుపు తీశాడు. పెద్దమ్మ తన చేతులతో ట్యాంకుకు తినిపించింది.

నేను వచ్చి మూత తీస్తే ఎర్రటి నూనె తెట్టు, పుల్లటి వాసన. గ్యాస్ జాడే లేదు. తొక్కును ఏడాదంతా కుళ్లకుండా కాపాడే ఉప్పు, కారం, నూనె, పులుపే మా ట్యాంకులోనూ కుళ్లనీయకుండా చేశాయి. గ్యాస్ పుట్టించే సూక్ష్మజీవులు చచ్చాయి. పేడనీళ్లు పోశాం, సున్నం కలిపాం. అది మళ్లీ తేరుకోవాలంటే వారాలు పడుతుంది. మాకు అంత గడువు లేదు.

ఆఫీసరు వచ్చి స్విచ్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. జీపెక్కాడు. ఎంత బతిమాలినా వినలేదు. మడి మీద మొదటి చెత్త లోడు పడ్డ రోజు నేను అటు వెళ్లలేకపోయాను. ఇంట్లో కూర్చుని ఏడ్చాను, అంతే.

పెద్దమ్మ ఇప్పుడు మార్కెట్లో కట్టలు కొని తెచ్చి అమ్ముతోంది. ఆమెకు నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఇప్పటికీ రాదు. వీధిలో మామిడికాయలు కొట్టే చప్పుడు మొదలైందంటే చాలు, మా గుమ్మం ముందు గంప దించి అదే మాట తీస్తుంది.

"ఆ ఏడు నేను తెచ్చింది సాల్లేదు గదా బిడ్డా?"

"సాల్లేదు పెద్దమ్మా" అంటాను.

"నువ్వేం జేస్తవ్ తియ్. తప్పు నాదే. కాళ్లు నొస్తున్నయని ఒక్క గల్లీ ఇడిసిపెట్టిన."