గదులక్క కూర్చున్న పది నిమిషాలు

ఆమెను అందరూ గదులక్క అనేవారు. అసలు పేరు హోటల్ మేనేజరుకు కూడా గుర్తులేదు. ఎప్పుడో ఆగిపోయిన ఒక టీవీ సీరియల్ అభిమానులు ఏటా మూడు రోజులు ఆ హోటల్లో కలుసుకుంటారు. నూట నలభై గదులు మాట్లాడి, ఎవరికి ఎవరు జోడీయో చూసి, తాళాలు చేతిలో పెట్టే పని పన్నెండేళ్ళుగా ఆమెదే. గురక పెట్టేవాళ్ళను గురక పెట్టేవాళ్ళతోనే వేసేది. గ్రహాంతరవాసుల వేషాలు కట్టేవాళ్ళ ముఖాల పచ్చరంగు అంటుతుందని, వాళ్ళకు ముదురు రంగు దిండు గలీబులు వేయించేది. ఆ సీరియల్ మాత్రం ఒక్క భాగమూ చూసిన పాపాన పోలేదు. మొదటి ఏడు తమ్ముడు బతిమాలి తీసుకొచ్చాడు. పెళ్ళయ్యాక వాడు రావడం మానేశాడు. ఈమెకు మానడం చేతకాలేదు. ఇంట్లో మాత్రం ఎదురుచూసే మనిషి ఎవరున్నారు?

ఈ ఏడు పైపు పగిలి ఒక గది మునిగింది. ఆ గదిలో దిగవలసిన టీచరు లాబీలో పెట్టె మీద కూర్చున్నాడు. జాబితా అంతా గాలిస్తే ఖాళీ మంచం ఒక్కటే దొరికింది, రిటైరైన పోస్టుమాస్టరుగారి గదిలో. ఏటా భార్యతో వచ్చే ఆయన, ఫారంలో ఇద్దరి పేర్లూ రాసి, ఒక్కరే దిగారు.

ఆమె వెళ్ళి తలుపు తట్టింది.

"బాబాయిగారూ, పిన్నిగారు వెనకాల వస్తున్నారా?"

"రాదమ్మా. వేసవిలో పోయింది. చెయ్యి అలవాటు కొద్దీ రాసేసింది."

రెండో మంచం మీద ఒక శాలువా, కళ్ళజోడు పెట్టి ఉన్నాయి. ఆమె చేతిలోని జాబితా మడిచేసింది.

"ఏం పని మీద వచ్చావు?"

"ఏం లేదండీ. వేడినీళ్ళు వస్తున్నాయో లేదో కనుక్కుందామని."

కిందికి వచ్చి తన గది తాళం టీచరుకు ఇచ్చేసి, తన పెట్టెను దుప్పట్లు పేర్చే గదిలో పెట్టుకుంది.

ఆఖరి రోజు ఆ సంగతి గదులు తుడిచే మనిషి చెబితే, పోస్టుమాస్టరుగారు కౌంటరు దగ్గరికి వచ్చారు.

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా సభ జరిగే హాల్లో కూర్చున్నావా అమ్మా?"

"తీరికేదండీ."

"పద."

వేదిక మీద ఒక ముసలి నటుడు ఏదో మాట అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. ఆమె పోస్టుమాస్టరుగారి వైపు వంగింది.

"ఎందుకు నవ్వుతున్నారండీ?"

"నాకూ తెలీదమ్మా. ఈ కథ తలా తోకా నాకెప్పుడూ అర్థం కాలేదు. మీ పిన్ని చెవిలో చెబితే నవ్వేవాణ్ణి."

తర్వాతి నవ్వుకు ఆ ఇద్దరే ఊరుకున్నారు. గది గురించి ఏమీ అడగని మనిషి పక్కన కూర్చుని ఎన్నాళ్ళయిందో ఆమెకు లెక్క తేలలేదు.

పది నిమిషాలైనా కాకుండానే ఫోను మోగింది. వెళ్ళేవాళ్ళ బస్సు వచ్చింది, నలభై గదుల తాళాలు తీసుకోవాలి.

"వెళ్ళిరా, కుర్చీ చూస్తుంటా" అన్నారాయన.

ఆమె తిరిగి వచ్చేసరికి హాలు ఖాళీ. రైలు వేళయి ఆయన వెళ్ళిపోయినట్టున్నారు. ఒకతను కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు.

"ఇందాక ఎందుకు నవ్వారో నీకేమైనా తెలుసా?"

"కుర్చీలవాణ్ణి, నాకేం తెలుసక్కా."

ఆమె తలూపి, వచ్చే ఏటి గదుల మాట మాట్లాడడానికి మేనేజరు దగ్గరికి వెళ్ళింది.