విమానానికి పెట్టిన పసుపు

దేశమంతా చూద్దామని సైన్యంలో చేరితే, లారీ నన్ను తెచ్చి బోధన్ చెరుకు తోటల్లో దింపింది. మా రుద్రూర్ అక్కడికి సైకిల్ దూరం. ఐదో తరగతిలో బడి మానేసినవాడికి ఏలినవారు చూపించే ప్రపంచం అంతే మరి.

పాత రన్‌వే. రెండు గుడారాలు. రేకుల షెడ్డు. భుజాన త్రీనాట్‌త్రీ రైఫిలు. ఉదయం ఆరు నుంచి రెండు దాకా కాపలా. కాపలా ఒక విమానానికి, దాన్ని గీసిన ముసలి తెల్ల ఇంజనీరుకి. తన దేశంలో యుద్ధవిమానాలు చేశాడట. ఆ దేశం ఓడి ముక్కలయ్యాక ఇక్కడికి బతకవచ్చాడు. మనకూ ఒక యుద్ధవిమానం గీసిచ్చాడు. సర్కారు మూలన పెట్టింది. ఇది చెరుకుకు పురుగుమందు చల్లే చిన్న విమానం. పెద్ద అధికారులు చూసి సరే అంటే ఇలాంటివి మరిన్ని తయారవుతాయి. లేదంటే ఆయన పని ముగిసినట్టే.

పరీక్ష దసరా మర్నాడు పడింది. మా హవల్దారు పసుపు పండే మెండోర మనిషి. ఆయుధపూజకి ఇంటి పసుపు తెప్పించి రైఫిళ్లకు, లారీకి పెట్టాడు. తర్వాత విమానం దగ్గరకు నడిచాడు. రెక్క అంచున వేలంత గొట్టం ఉంది. దాంట్లో దూరే గాలిని బట్టే వేగం తెలుస్తుందని మాలో ఎవరికీ తెలియదు.

"అన్నిటికన్న ముందటున్నది గిదే. గీనికి మంచిగ పెట్టాలె," అన్నాడు.

"గంత మెత్తుతున్నవేందన్నా, నలుగు పెడుతున్నవా?" అన్నాను.

"ముసలాయన బతుకంత దీని మీదనే ఉన్నదిరా. నవ్వకు, మొక్కు."

మొక్కాను.

మర్నాడు తొమ్మిదింటికి విమానం పరుగందుకుంది. రేడియోలో పైలట్ గొంతు: "స్పీడు ముల్లు లేవడం లేదు. ఆపుతున్నా." ఆగలేదు. చెరుకులోకి దూరి బోర్లాపడింది. పైలట్ కుంటుకుంటూ బయటికొచ్చాడు.

ముసలాయన గొట్టం విప్పి, ఎండిన పసుపును అగ్గిపుల్లతో తీశాడు. వాసన చూశాడు. వచ్చీరాని హిందీలో అడిగాడు, "నామీద ఎవరికి ఇంత పగ?"

హవల్దారు తల దించుకున్నాడు. పెద్ద అధికారి మాత్రం, "చిటికెడు పసుపుకే కూలే విమానం మాకెందుకు?" అని జీపెక్కాడు. విమానాలు బయటి దేశం నుంచే కొనాలని అప్పటికే తేల్చేసుకున్నారని తర్వాత విన్నాం.

ముసలాయన్ను నిజామాబాద్ స్టేషన్‌లో రైలెక్కించింది మేమే. ఎటు పోయాడో తెలియదు. అగ్గిపుల్ల కొసన ఆ పసుపు, దాని మీదకి వంగిన ఆ ముఖం మాత్రం నన్ను వదల్లేదు.

సెలవు మీద ఇంటికెళ్లి ఇదంతా నవ్వులాటగా చెప్పాను. అవ్వ నవ్వలేదు.

"పగ గాదు, మీ మంచికే మొక్కి పెట్టినమని చెప్పిన్రా ఆయనకు?"

"హవల్దారు నౌకరి పోతదని ఎవ్వలం నోరు తెర్వలేదవ్వా."

"మరి గిప్పుడెందుకు తెరుస్తున్నవ్?"