ఎర్రగీత కనబడని రాయి

నా తెలివితేటలతో చెడగొట్టిన పనులు చాలా ఉన్నాయి. తిప్పలు పడి వాటిని మళ్లీ బాగుచేసుకున్నాను. బాగుచేయడానికి వీల్లేకుండా చెడగొట్టింది ఒక్కటే. అదీ పట్టపగలు, మా మేనత్తను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని. చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, ఏమీ అనుకోను. అనుకునే హక్కు ఆ రోజే నీళ్లలో కలిసింది.

అప్పట్లో నేను మాదాపూర్‌లో ఒక కంపెనీలో డిజైనర్‌ని. ఫోన్ తెరమీద ఏ బటన్ ఎక్కడుండాలి, ఏ రంగులో ఉండాలి అని తేల్చడం నా ఉద్యోగం. చేరిన ఆరు నెలలకే, ఈ లోకాన్ని ఎవరో సరిగ్గా డిజైన్ చేయకుండా వదిలేశారని నాకు తెలిసిపోయింది. లిఫ్టు మీటలకు వంకలు పెట్టేవాణ్ణి. ఇడ్లీ రేకుల గుంటలకు వంకలు పెట్టేవాణ్ణి.

ఆ వానాకాలం మా పెదనాన్న పోయారు. నార్సింగి దాటి, మూసీకి అవతలి ఒడ్డున ఆయన ఇల్లు. మూడింటికి భూస్థాపన. నిజాంపేట నుంచి మా అత్తను, అంటే ఆయన ఒక్కగానొక్క చెల్లెల్ని, తీసుకురావడం నా వంతు. ఆమె వచ్చి ముఖం చూసేదాకా పెట్టెకు మూత వేయరు. మా ఇళ్లల్లో అది పద్ధతి. అన్నాచెల్లెళ్లకు నాలుగేళ్లుగా మాటల్లేవు.

"ఒక్కసారి ముఖం చూస్తే చాలురా," అంది అత్త కారెక్కుతూ.

ఔటర్ రింగురోడ్డు పక్కరోడ్డు మీద కార్లు కదలడం మానేశాయి. 

"అత్తా, పాత రోడ్డున పోదాం. పది నిమిషాల్లో ఉంటాం."

"వాన కదరా. అందరూ పోయే దారినే పోనీ."

"అందరూ పోతున్నారు కాబట్టే అది పోవడం లేదు!"

ఒకప్పుడు హైవే అనిపించుకున్న రోడ్డు అది. చింతచెట్ల మొదళ్లకు తెలుపూ ఎరుపూ పట్టీలు, బడికి పోయే పిల్లల మేజోళ్లలాగా. గుండుతల కిలోమీటరు రాళ్లు, సమాధుల వరసలాగా. ఆ పోలిక ఆ పూట నోట్లోనే మింగేశాను, అంతవరకు బుద్ధి ఉంది. చివరికి రోడ్డు తిన్నగా ఏట్లోకి దిగింది. అక్కడ వంతెన లేదు, నీటిమట్టానికి కాస్త పైన ఒక కాజ్‌వే. దానికి పిట్టగోడల్లేవు. అటూ ఇటూ మోకాలెత్తు రాళ్లు, పళ్లూడిన నోటిలా సందులు సందులుగా.

"చూశావా అత్తా, గోడ కట్టకుండా రాళ్లు పాతి సరిపెట్టారు. కక్కుర్తి."

"నీళ్లు పోవడానికేమోరా."

"నీళ్లకు కింద తూములు లేవూ?"

తూములు కనబడలేదు. వాటిమీది రోడ్డు కూడా కనబడలేదు. గోధుమరంగు నీళ్లు చప్పుడు చేయకుండా, ఎంతో మర్యాదగా రోడ్డును దాటుకుంటూ పోతున్నాయి.

ఒడ్డు అంచున, మొదలు నీళ్లలో మునిగి, సున్నం కొట్టిన రాతి స్తంభం ఒకటి. దాని పక్కన తలమీద గోనెసంచి కప్పుకుని, బర్రెలను ఆపుకుని ఒక పెద్దాయన. వచ్చి అద్దం తట్టాడు.

"సారూ, పోవద్దు. రాయి జూడుర్రి."

చూశాను. "తెల్లగానే ఉంది కదా తాతా."

"గదే జెప్తున్న. తెల్లగనే ఉన్నది."

"మరింకేం?"

"ఎర్రగీత కనబడితే పోవాలె. కనబడకుంటే ఆగాలె."

నాలోని డిజైనర్ ఉలిక్కిపడి లేచాడు. "ప్రమాదం ఉంటే ఎరుపు కనబడాలి తాతా. కనబడకపోవడం హెచ్చరిక ఎలా అవుతుంది?"

"నీళ్లల్ల మునిగినంక ఎట్ల కనబడ్తది సారూ?"

ఇంతకన్నా విడమరిచి ఎవరూ చెప్పలేరు. బర్రెలకు కూడా అర్థమైనట్టుంది, ఒక్కటీ కదల్లేదు. నేను కదిలాను.

సగం దూరం పోయేసరికి ఇంజను రెండుసార్లు దగ్గి, ఊపిరి వదిలేసింది. నీళ్లు తలుపు సందుల్లోంచి వచ్చి మా కాళ్లను పలకరించాయి. కారు మెల్లగా పక్కకు జరిగింది, జరిగింది, ఠప్పున ఆగింది. నేను కక్కుర్తి అన్న రాళ్లలో రెండు దాన్ని పట్టుకున్నాయి. వాటి సందుల్లోంచి నీళ్లు, అత్త చెప్పినట్టే, అవతలికి పోతున్నాయి. అత్త ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో నర్సుగా చేసిన మనిషి. రోగి నాడి పట్టుకున్నట్టు సీటు అంచు పట్టుకుని కూర్చుంది.

"దిగకుర్రి! ట్రాక్టర్ తెస్త!" అని ఒడ్డునుంచి కేక వేసి పెద్దాయన ఊరివైపు పరుగెత్తాడు.

ఫోన్ మోగింది. పెదనాన్నగారి అబ్బాయి. "ఎక్కడున్నార్రా? గుంటలోకి నీళ్లు ఊరుతున్నాయి. పాస్టరుగారు అరగంటకు మించి ఆగలేమంటున్నారు."

"వచ్చేశాం అన్నయ్యా, ఏటి దగ్గరున్నాం."

"ఏట్లో," అని సవరించింది అత్త, ఫోన్‌కు వినబడేలా.

ట్రాక్టర్ రావడానికి, తాడు కట్టడానికి, లాగడానికి రెండు గంటలు పట్టింది. లాగింది కూడా వచ్చిన ఒడ్డుకే. పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. అత్తను చెయ్యి పట్టి దించి, "జర పైలం అమ్మా," అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మరో బండి మాట్లాడుకుని, అందరూ పోయే దారినే పోయాం. చేరేసరికి సమాధి తోటలో ఎవరూ లేరు. మట్టి కప్పేశారు, పైన పూలు వానకు తడిసి అతుక్కుపోయి ఉన్నాయి. అత్త వంగి గుప్పెడు మట్టి తీసింది. మట్టి కాదు, బురద. దాన్ని పూల పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకోకుండా నిలబడింది.

నేను, "అత్తా, నన్ను క్షమించు," అన్నాను.

అత్త నావైపు తిరిగింది. "మా అన్నయ్య ముఖం చూద్దామని బయలుదేరాను. రెండు గంటలు నీ ముఖం చూస్తూ కూర్చున్నాను." నన్ను మరోసారి ఎగాదిగా చూసింది. "ఏం చేస్తాం. ముక్కు ఆయనదే. ఎవరి మాటా వినకపోవడమూ ఆయనదే."

కాబట్టి ఇందుమూలంగా సమస్త ప్రజానీకం ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పాత రోడ్డు పక్కన ఏ రాయి కనబడినా కారాపి, దిగి, కళ్లద్దాలు తుడుచుకుని చదువుతాను. అర్థం కాకపోతే ఆ ఊరి మనిషిని అడుగుతాను. అర్థమైందనిపిస్తే తప్పకుండా అడుగుతాను.