కారణం లేని భయం

సైదమ్మ సిటీ బస్సు కండక్టర్. పదకొండేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్ రూట్లలోనే డ్యూటీ. తాగి ఎక్కి గొడవ చేసేవాళ్లను కాలర్ పట్టుకుని దించేసేది. ఆమెకు భయమంటే తెలియదని డిపోలో చెప్పుకునేవారు.

ఒక మధ్యాహ్నం బస్సు మూసారాంబాగ్ దాటుతోంది. టికెట్లు కొడుతున్న ఆమెకు కడుపులోంచి ఏదో చల్లగా పైకి లేచింది. ముక్కుకు వైరు కాలిన వాసన. చావు పక్కనే నిలబడ్డట్టు అనిపించింది. నిమిషంలో అంతా పోయింది. చుట్టూ ఎవరి ముఖంలోనూ ఏ కంగారూ లేదు.

మొదట్లో వారానికోసారి వచ్చేది. తర్వాత రోజుకు రెండుసార్లు. ఎప్పుడొస్తుందోనన్న దిగులుతో, రానప్పుడు కూడా వణికేది. పిచ్చి అంటారని ఇంట్లో చెప్పలేదు.

ఒకరోజు చైతన్యపురి దగ్గర ఆ కాలిన వాసన మళ్లీ తగిలి, "హోల్డాన్, బండాపు! దిగుండ్రి, బస్సు కాలుతుంది!" అని అరిచింది. జనం ఒకరినొకరు తోసుకుంటూ దూకారు. ఒక ముసలామె మోకాలు చీరుకుపోయింది. డ్రైవర్ రామస్వామి బస్సంతా వెతికాడు. పొగ లేదు, మంట లేదు. సైదమ్మను డ్యూటీ నుంచి తప్పించారు.

ఆ సాయంత్రం రామస్వామి అన్నాడు: "చెల్లె, నేను అద్దంల చూస్తనే ఉన్న. గట్లైనప్పుడు నువ్వు నోరు చప్పరిస్తవ్. పిలిస్తే పలుకవ్. జర దవాఖానకు పోదాం పా."

"నేనా? ఎప్పుడు, అన్నా?"

ఆమెకు ఆ సంగతే గుర్తులేదు. తనకు తెలియకుండా తన నోరు కదులుతోందా?

ఎల్బీనగర్‌లో నరాల డాక్టర్ మృదుల, సైదమ్మ తలకు తీగలు అంటించి పరీక్ష చేసింది. స్కాన్ తీయించింది.

"ఇవి ఫిట్స్ అండీ."

"నేనెన్నడు కింద పడలే మేడం!"

"అన్ని ఫిట్సూ పడేయవు. మెదడు లోపల, చెవికి సూటిగా బాదంగింజంత భాగం ఒకటుంది. ప్రమాదం కనబడితే గుండెదడ, వణుకు లేపేది ముఖ్యంగా అదే. మీకు దాని పక్కన చిన్న మచ్చ ఉంది. అక్కడ మెదడులో పారే కరెంటు గతి తప్పితే, ఎదురుగా ఏమీ లేకపోయినా నిజమైన భయమే పుడుతుంది. ఆ వాసన కూడా అలా పుట్టిందే."

సైదమ్మ అడిగింది. "గట్లయితే నా బిడ్డ మీది ప్రేమ గూడ గా కరెంటేనా మేడం? రేపు అది గూడ గతి తప్పుతదా?"

డాక్టర్ స్కాన్ ఫిల్మ్ పక్కన పెట్టింది. "అదీ మెదడులోనే పుడుతుందండీ. కానీ మీరు బిడ్డతో బతికిన రోజులన్నీ కలిసి దాన్ని పుట్టిస్తాయి. ఈ మచ్చ దాన్ని చెరిపేయలేదు."

మాత్రలు మొదలయ్యాయి. ఇంట్లోనూ చెప్పింది. డిపోవాళ్లు ఆమెను బస్‌పాస్ కౌంటర్లో కూర్చోబెట్టారు. ఆరు నెలల్లో భయం ఒక్కసారే వచ్చింది. అయినా నమ్మకం చిక్కలేదు. కోపమొచ్చినా, నవ్వొచ్చినా, ఇది నాదేనా అని లోపల తడుముకునేది.

ఒక సాయంత్రం ఎల్బీనగర్ చౌరస్తాలో కూతురు సుష్మిత ఫోన్ చూసుకుంటూ రోడ్డు మీదికి అడుగేసింది. లారీ మీదికొచ్చేసింది. సైదమ్మ ఆ పిల్ల జబ్బ పట్టి వెనక్కి లాగింది. ఇద్దరూ ఫుట్‌పాత్ మీద పడ్డారు. సైదమ్మ మోకాళ్లు పావుగంటదాకా వణుకుతూనే ఉన్నాయి.

"అమ్మా, మళ్ల ఒచ్చిందా?" సుష్మిత ఏడుస్తూ అడిగింది.

"లేదు బిడ్డా. గీ భయం నీ కోసం ఒచ్చింది" అంది సైదమ్మ, పిల్ల చెయ్యి వదలకుండా.